దారం రంగు తేల్చే దీపం

దారం రంగు మీద అనుమానం వస్తే చేతిలో పని ఆపి కిటికీ దాకా నడుస్తాం. వెలుతురులో అటూ ఇటూ తిప్పి, బట్ట మీద ఆనించి చూసుకున్నాకే సూదిలోకి ఎక్కిస్తాం. గదిలో దీపం వెలుగుతూనే ఉన్నా ఆ నాలుగడుగులు ఎందుకు వేస్తామో తెలిస్తే కుట్టుపనికి మంచి దీపం ఎంచుకోవడం సగం వచ్చినట్టే.

ఒక రాత్రి ఎర్ర పువ్వు కుడుతుంటే దారం అయిపోయింది. అదే రంగనుకుని మరో చుట్ట విప్పి మిగిలిన రేకులు పూర్తి చేశాను. దీపం కింద రెండు దారాలకూ తేడా కనిపించలేదు. తెల్లారి చూస్తే మూడు రేకులు ఎరుపు, రెండు ఇటుక రంగు. ఆ రెండింటినీ విప్పదీశాను కానీ, బట్ట మీద సూది చేసిన రంధ్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అది కంటి తప్పు కాదు. దారానికి అద్దిన రంగు తన మీద పడిన కాంతిలో కొంత మింగి, మిగిలినది వెనక్కి పంపుతుంది. మనకు కనిపించేది ఆ మిగిలిన కాంతే. రెండు వేర్వేరు అద్దకాలు ఒక దీపం కింద ఒకే రంగుగా కనిపించి, మరో వెలుతురులో విడిపోవచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు. పగటి వెలుతురులో ఊదా నుంచి ఎరుపు దాకా అన్ని రంగుల కాంతీ ఉంటుంది కాబట్టి అక్కడ ఇలాంటి తేడాలు బయటపడతాయి.

మామూలు తెల్ల ఎల్‌ఈడీ సంగతి వేరు. అందులో ఉండేది నీలి కాంతినిచ్చే చిప్పు. దాని మీద పసుపు కాంతినిచ్చే ఫాస్ఫర్ పూత వేస్తారు. నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా తోస్తాయి. కానీ ఆ తెలుపులో ముదురు ఎరుపు పలచగా ఉంటుంది. దీపం పంపని ఎరుపును దారం మాత్రం ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది?

అందుకే పెట్టె మీద ‘డే లైట్’ అని ఉంటే సరిపోదు. ఆ మాట, దాని పక్కన ఉండే 5000 లేదా 6500 కెల్విన్ అనే అంకె, తెలుపు ఏ ఛాయలో ఉందో మాత్రమే చెబుతాయి. రంగులు ఎంత నమ్మకంగా కనిపిస్తాయో తెలియాలంటే సీఆర్‌ఐ (కలర్ రెండరింగ్ ఇండెక్స్) అనే అంకె చూడాలి. ఇది 100కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. కుట్టుపనికి 90కి తగ్గిన దీపం వద్దనే నా గట్టి అభిప్రాయం, 95 దొరికితే ఇంకా మేలు.

ఇక్కడా ఒక మెలిక ఉంది. సీఆర్‌ఐని 8 నమూనా రంగుల సగటుగా కడతారు, ఆ ఎనిమిదీ లేత రంగులే. చిక్కటి ఎరుపుకు ఆర్9 అని వేరే అంకె ఉంది, అది సగటులోకి రాదు. సీఆర్‌ఐ 80 ఉన్న దీపానికి ఆర్9 సున్నా దగ్గర ఉండవచ్చు. నా పువ్వును ముంచింది ఆ లోటేనని నా నమ్మకం. ఎరుపు, గోధుమ, గులాబీ రంగు దారాలతో పనిచేసేవాళ్లు ఆర్9 ఎంతో అడిగి తెలుసుకోవాలి.

రంగు తర్వాత చూడాల్సింది వెలుతురు మోతాదు, దాన్ని లక్స్‌లలో కొలుస్తారు. ఐరోపా ప్రమాణం కుట్టుపనికి 750 లక్స్, బట్టల రంగు పరీక్షకు 1000 లక్స్ కావాలంటుంది. పైకప్పు దీపం ఒక్కదానితో అంత రావడం కష్టం. దానికోసం పెద్ద బల్బు కొనేకంటే చిన్న దీపాన్ని దగ్గరికి జరపడం తెలివైన పని. దూరం సగమైతే వెలుతురు దాదాపు నాలుగు రెట్లవుతుంది. వంగే మెడ ఉన్న దీపం అందుకే విలువైనది. వయసునూ లెక్కలోకి తీసుకోవాలి. 20 ఏళ్ల కంటితో పోలిస్తే 60 ఏళ్ల కంటిలో రెటీనాను చేరే కాంతి సుమారు మూడో వంతే. పైగా కంటి కటకం పసుపెక్కి నీలాన్ని ఆపేస్తుంది. ముదురు నీలానికీ నలుపుకూ తేడా తెలియడం లేదని పెద్దవాళ్లు అంటే, వాళ్లకు ముందు కావాల్సింది మరింత వెలుతురు.

కుడిచేత్తో కుట్టేవాళ్లకు దీపం ఎడమవైపు ఉండాలి, లేకపోతే చేతి నీడ సరిగ్గా సూది మొన మీదే పడుతుంది. మెరిసే పట్టుదారానికి చిన్న చుక్కలాంటి దీపం కళ్లలో కొడుతుంది, వెడల్పాటి పలక ఉన్నది హాయి. నల్లబట్ట మీద నల్లదారంతో కుట్టేటప్పుడు దీపాన్ని బాగా కిందికి వంచి పక్కనుంచి వెలుతురు పడనిస్తే నేత పోగులు గట్టుల్లా లేచి కనిపిస్తాయి. కుట్టుమిషను ఉంటే దీపం రెపరెపలాడకూడదు. కంటికి తెలియకుండా ఆరి వెలిగే వెలుతురులో వేగంగా కదిలే సూది నిలిచి ఉన్నట్టు భ్రమ కలిగించవచ్చు. దీపం కింద పెన్సిల్‌ను వేగంగా ఊపి చూడండి. విడివిడి పెన్సిళ్లు వరసగా కనిపిస్తే ఆ దీపం వద్దు.

పెట్టె మీద అంకెలు అచ్చు వేయని తయారీదారులూ ఉన్నారు. అందుకని ఒక అట్టముక్కకు ఆరు దారాలు చుట్టి ఉంచుకున్నాను: నలుపు, ముదురు నీలం, ముదురు గోధుమ, తెలుపు, ఆ పువ్వులో మిగిలిన రెండు ఎరుపులు. దీపం కొనేముందు దాన్ని వెలిగించమని అడిగి అట్టముక్కను కింద పెడతాను. రెండు ఎరుపులూ వేరువేరుగా కనిపిస్తేనే డబ్బు తీస్తాను.