గట్టిగా తిప్పితే ఎక్కువ కరెంటు వస్తుందా? ఏసీ జనరేటర్లపై అపోహలు - వాస్తవాలు

జనరేటర్ పక్కన పనిచేసేవాళ్లకి ఒక విషయం చెవులతోనే తెలిసిపోతుంది. లోడ్ పడగానే ఇంజన్ శబ్దం మారుతుంది. ఎక్కడో ఎవరో ఒక మోటారు ఆన్ చేశారు, ఆ బరువు ఆ క్షణంలోనే ఇక్కడ షాఫ్ట్ (జనరేటర్‌ను తిప్పే ఇరుసు) మీద పడింది. జనరేటర్ల గురించి వినిపించే తప్పుడు మాటల్లో చాలావరకు ఈ బరువు సంగతి మరిచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఒకసారి తిరగడం మొదలుపెడితే చాలు, ఎంత కరెంటు వాడుకున్నా జనరేటర్‌కు తేడా ఉండదు.

షాఫ్ట్ ద్వారా అందిన శక్తిని విద్యుత్తుగా మార్చడం తప్ప జనరేటర్ కొత్తగా పుట్టించేది ఏమీ లేదు. తీగచుట్ట గుండా వెళ్లే అయస్కాంత క్షేత్రం మారుతున్నంతసేపూ ఆ తీగలో వోల్టేజీ పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఉత్తర ధ్రువం తీగచుట్ట ముందు నుంచి దాటినప్పుడు ఒక దిశలో, దక్షిణ ధ్రువం దాటినప్పుడు ఎదురు దిశలో పుడుతుంది. ఇలా దిశ మారుతూ వచ్చేదే ఏసీ. ఇంతవరకు అందరూ చదువుకున్నదే. పాఠంలో ఒక్క వాక్యంతో సరిపెట్టే లెంజ్ నియమమే మా పనిలో అసలు సంగతి. తీగలో కరెంటు పారడం మొదలవగానే, ఆ కరెంటు తన అయస్కాంత బలంతో రోటర్ (జనరేటర్‌లో తిరిగే భాగం) తిరగడాన్ని అడ్డుకుంటుంది.

ఇది చేత్తోనే తెలుసుకోవచ్చు. డ్రోన్‌లో వాడే చిన్న బ్రష్‌లెస్ మోటారు ఒకటి తీసుకోండి. దాని మూడు తీగలను విడివిడిగా ఉంచి వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరుగుతుంది. ఇప్పుడు ఆ మూడు తీగల చివర్లను కలిపి మెలిపెట్టి మళ్లీ తిప్పండి. జిగురులో తిప్పుతున్నట్టు బరువెక్కిపోతుంది. విడదీయగానే మళ్లీ తేలిక. కరెంటు పారినప్పుడు వేళ్లకు తగిలిన ఆ బరువునే విద్యుత్ కేంద్రంలో ఆవిరో, నీళ్లో, డీజిలో మోస్తుంది.

మోటారుతో జనరేటర్‌ను తిప్పి, ఆ జనరేటర్ కరెంటుతోనే మోటారును నడిపే వీడియోలు చూసి చాలామంది నన్ను అడుగుతుంటారు. రెండింటి సామర్థ్యం చెరో 90 శాతం అనుకుందాం. ఒక్క విడత మార్పు జరిగేసరికి మిగిలేది 81 శాతం. ఆ తర్వాత ఇంకా తగ్గి ఆగిపోతుంది. ఆగకుండా నడుస్తోందంటే కనిపించని చోట బ్యాటరీయో, వైరో ఉన్నట్టే. దయచేసి అలాంటి కిట్లకు డబ్బు పెట్టకండి.

అపోహ: అయస్కాంతం కదలకుండా ఉంటుంది, మధ్యలో తీగచుట్ట తిరుగుతుంది.

బొమ్మల్లో అలాగే గీస్తారు. విద్యుత్ కేంద్రాల్లోని పెద్ద యంత్రాల్లో ఉండేది దీనికి తలకిందులు. అక్కడ తిరిగేది అయస్కాంతం. అది కూడా డీసీ (ఒకే దిశలో పారే) కరెంటుతో పనిచేసే విద్యుదయస్కాంతం. కరెంటు పుట్టే వైండింగ్ (తీగచుట్ట) బయట స్టేటర్ అనే భాగంలో కదలకుండా ఉంటుంది. కారణం లెక్క వేస్తే అర్థమవుతుంది. 500 మెగావాట్ల త్రీఫేజ్ జనరేటర్ 21 కిలోవోల్టుల దగ్గర, 0.85 పవర్ ఫ్యాక్టర్‌తో (మొత్తం విద్యుత్తులో నిజంగా పనిచేసే వంతు) నడిస్తే ఒక్కో ఫేజులో సుమారు 16,000 ఆంపియర్లు పారతాయి. ఇంత వోల్టేజీతో ఇంత కరెంటును తిరిగే భాగం నుంచి కార్బన్ బ్రష్‌ల మీదుగా బయటికి తీయడం అయ్యే పని కాదు. రోటర్‌కు ఇవ్వాల్సిన డీసీ శక్తి దీని ముందు చాలా తక్కువ కాబట్టి దాన్ని స్లిప్ రింగుల (షాఫ్ట్‌తో పాటు తిరిగే లోహపు వలయాల) ద్వారా ఇవ్వొచ్చు. షాఫ్ట్ మీదే ఎక్సైటర్ అనే చిన్న జనరేటర్ పెట్టి బ్రష్‌లు లేకుండానే కూడా ఇస్తారు.

అపోహ: ఎక్కువ పవర్ కావాలంటే వేగం పెంచాలి.

నేను ఎక్కువసార్లు వినేది ఇదే. ఏసీ జనరేటర్ వేగాన్ని నిర్ణయించేది ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు అటూ ఇటూ మారే చక్రం సెకనుకు ఎన్నిసార్లు పూర్తవుతుందో ఆ సంఖ్య. ధ్రువాల సంఖ్యను నిమిషానికి చుట్ల సంఖ్యతో గుణించి 120తో భాగిస్తే ఫ్రీక్వెన్సీ వస్తుంది. 50 హెర్ట్జ్ కోసం రెండు ధ్రువాల యంత్రం 3000 చుట్లు తిరగాలి, నాలుగు ధ్రువాలదైతే 1500. నీటి టర్బైన్ నెమ్మదిగా తిరుగుతుంది, అందుకే దాని రోటర్‌కు ధ్రువాలు ఎక్కువ. 60 ధ్రువాలుంటే 100 చుట్లు చాలు.

గ్రిడ్‌కు కలిసిన జనరేటర్ గ్రిడ్‌లోని మిగతా యంత్రాలన్నిటితో ఒకే తాళంలో తిరుగుతుంది. ఆవిరి వాల్వ్ ఇంకొంచెం తెరిస్తే వేగం పెరగదు. రోటర్ కొన్ని డిగ్రీలు ముందుకు జరిగి, అదే వేగంతో ఎక్కువ బలంగా నెడుతుంది. మెగావాట్లు పెరిగేది ఆ కోణం పెరగడం వల్లే. కొత్తగా చేరిన ఇంజనీర్లకు మరీ వింతగా అనిపించేది ఇంకోటి ఉంది. ఆవిరి పూర్తిగా ఆపేసినా బ్రేకర్ (జనరేటర్‌ను గ్రిడ్‌కు కలిపే పెద్ద స్విచ్) తెరవకపోతే జనరేటర్ ఆగదు. గ్రిడ్ నుంచే కరెంటు తీసుకుని మోటారులా తిరుగుతూనే ఉంటుంది. అలా వదిలేస్తే ఆవిరి ప్రవాహం లేని టర్బైన్ బ్లేడ్లు వేడెక్కి దెబ్బతింటాయి. అందుకే పవర్ ఇలా వెనక్కి వస్తే పసిగట్టి బ్రేకర్‌ను తెరిపించే రివర్స్ పవర్ రిలే పెడతారు.

గ్రిడ్‌కు కలిపే ఘట్టం చూస్తే ఈ తాళం ఏమిటో తెలుస్తుంది. ఫేజుల వరుస, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ సరిపోయాక కళ్లన్నీ సింక్రోస్కోప్ (మన యంత్రానికీ గ్రిడ్‌కూ తాళం ఎంత కుదిరిందో చూపే మీటరు) ముల్లు మీదే ఉంటాయి. ముల్లు గడియారం దిశలో తిరుగుతుంటే మన యంత్రం కాస్త వేగంగా ఉందని అర్థం. వేగాన్ని అదుపు చేసే గవర్నర్‌ను సవరించి ముల్లును బాగా నెమ్మదింపజేస్తారు. అది 12 గంటల స్థానానికి చేరబోతుండగా, చేరడానికి కాస్త ముందే బ్రేకర్‌కు ఆదేశం ఇవ్వాలి, ఎందుకంటే బ్రేకర్ మూసుకోవడానికీ కొంత సమయం పడుతుంది. సరిగ్గా కుదిరితే పెద్ద చప్పుడేమీ ఉండదు. కోణం తప్పితే గ్రిడ్ మొత్తం బలం కలిసి రోటర్‌ను ఒక్క కుదుపుతో తన దారిలోకి లాగుతుంది. కప్లింగులు, షాఫ్ట్, స్టేటర్ చివరి వైండింగులు ఆ దెబ్బకు పాడవుతాయి.

ఎక్సైటేషన్ (రోటర్ విద్యుదయస్కాంతానికి ఇచ్చే డీసీ) పెంచితే మెగావాట్లు పెరుగుతాయన్నది ఇలాంటిదే ఇంకో పొరపాటు. పెరిగేవి వోల్టేజీ, రియాక్టివ్ పవర్ (పనిగా మారకుండా అటూ ఇటూ తిరిగే పవర్).

అపోహ: జనరేటర్‌లో హైడ్రోజన్ నింపడమంటే బాంబు పక్కన పెట్టుకోవడమే.

పెద్ద జనరేటర్ సామర్థ్యం 98 శాతం పైనే. అయినా 500 మెగావాట్లలో ఒక శాతం అంటే 5 మెగావాట్లు, అదంతా వేడే. ఆ వేడిని లాగడానికి హైడ్రోజన్ వాడతారు. దాని సాంద్రత గాలిలో 14వ వంతు కాబట్టి తిరిగే రోటర్‌కు రాపిడి తక్కువ, వేడిని మోసుకుపోయే గుణం గాలి కంటే చాలా ఎక్కువ. గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఉన్నప్పుడే మంట అంటుకుంటుంది. జనరేటర్ లోపల స్వచ్ఛతను 97 శాతానికి పైన, ఒత్తిడిని బయటి గాలి కంటే ఎక్కువగా ఉంచుతారు. నింపేటప్పుడూ, ఖాళీ చేసేటప్పుడూ గాలి, హైడ్రోజన్ కలవకుండా మధ్యలో కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. ప్రమాదం ఉన్నది లీకేజీ దగ్గర, షాఫ్ట్ చుట్టూ హైడ్రోజన్ బయటికి రాకుండా ఆపే సీల్ ఆయిల్ దగ్గర. మా జాగ్రత్తంతా అక్కడే.

అపోహ: ఏసీ జనరేటర్‌ను కనిపెట్టింది టెస్లా.

ఫారడే ప్రయోగం తర్వాత ఏడాదే, 1832లో ఇపోలిట్ పిక్సీ చేత్తో తిప్పే యంత్రం చేశాడు. అది ఇచ్చింది ఏసీయే. 1888 నాటి టెస్లా పేటెంట్ల గొప్పదనం ఒకటికి మించి ఫేజుల పద్ధతిలో ఉంది.

అపోహ: డీజిల్ జనరేటర్ తిరుగుతున్నా వోల్టేజీ రాకపోతే వైండింగ్ కాలినట్టే.

వెంటనే రీవైండింగ్‌కు పంపకండి, ముందు మల్టీమీటర్ పెట్టండి. ఇలాంటి చాలా సెట్లు ఇనుములో మిగిలి ఉండే కొద్దిపాటి అయస్కాంతత్వంతోనే వోల్టేజీని మొదలుపెడతాయి. పూర్తి వేగంలో కొన్ని వోల్టులైనా చూపిస్తే అయస్కాంతత్వం ఉంది, ఏవీఆర్‌నూ (వోల్టేజీని స్థిరంగా ఉంచే పరికరం) డయోడ్లనూ పరీక్షించాలి. దాదాపు సున్నా అయితే చాలాకాలం వాడకపోవడం వల్ల అది పోయి ఉండొచ్చు. మాన్యువల్‌లో చెప్పినట్టు ఏవీఆర్ తీగలు విప్పి, ప్లస్ మైనస్ చూసుకుని, ఫీల్డ్‌కు (అయస్కాంతత్వం ఇచ్చే తీగచుట్టకు) బ్యాటరీతో కాసేపు డీసీ ఇస్తే తరచూ మళ్లీ లేస్తుంది.

అపోహ: చిన్న జనరేటర్‌ను ఇంటి సాకెట్‌లో గుచ్చితే ఇంటి వరకే వెలుగుతుంది.

దీంతో ప్రాణాలు పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. ఇంటి వైపు నుంచి కరెంటు ఎక్కితే అవతలి లైన్ మీద వేల వోల్టులు పుడతాయి. సరఫరా లేదనుకుని ఆ తీగను పట్టుకున్న లైన్‌మన్‌కు అది తగులుతుంది. మెయిన్స్‌నూ జనరేటర్‌నూ ఎప్పుడూ కలవనివ్వని చేంజ్‌ఓవర్ స్విచ్ బిగించాకే సెట్‌ను ఇంటి వైరింగుకు కలపండి. అది లేకపోతే ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి, కావాల్సినవాటిని నేరుగా జనరేటర్‌కే పెట్టుకోండి.