బీజింగ్‌కు నిక్సన్ వేసిన దారి, అది తొక్కుకుంటూ పోయిన ఢాకా

1969 జనవరిలో రిచర్డ్ నిక్సన్ అధ్యక్షుడయ్యే నాటికి అమెరికా, చైనాల మధ్య మాటలు అసలే లేవనుకుంటే పొరపాటు. 1955 నుంచి ముందు జెనీవాలో, తర్వాత వార్సాలో ఇరు దేశాల రాయబారులు కలుస్తూనే ఉన్నారు. 1970 ఫిబ్రవరి వరకు 136 సమావేశాలు జరిగాయి. చైనా తనదనే, అమెరికా అండ ఉన్న తైవాన్ దగ్గరికి చర్చ రాగానే ఆగిపోయేది. తైవాన్ సంగతి తేలాకే మిగతావన్నీ అని చైనా, అక్కడ బలప్రయోగం చేయబోమని ముందు ఒప్పుకోవాలని అమెరికా భీష్మించాయి.

నిక్సన్ ఈ వరసను తిరగేశారు. కమ్యూనిస్టు వ్యతిరేకిగా పేరు పడ్డ నాయకుడు కాబట్టి, చైనా దగ్గర మెత్తబడ్డారన్న నింద ఆయనకు సులువుగా అంటదు. 1969 మార్చిలో ఉసూరి నదిలోని ఝెన్‌బావో ద్వీపం దగ్గర సోవియట్, చైనా సైనికులు కాల్పులు జరుపుకోవడంతో బీజింగ్‌కు కూడా అమెరికా అవసరం పడింది.

మొదటి అడుగులు కావాలనే చిన్నవి వేశారు. ఆ జులైలో అమెరికన్ పర్యాటకులు 100 డాలర్ల దాకా చైనా సరుకు తెచ్చుకోవచ్చన్నారు. డిసెంబరులో ఆ పరిమితీ ఎత్తేశారు. తైవాన్ జలసంధిలో అమెరికా ఏడో నౌకాదళం చేసే నిత్య గస్తీని తగ్గించారు. 1971 మార్చిలో చైనా ప్రయాణాలపై పాస్‌పోర్టు ఆంక్షలు తొలగించారు. అవతలి నుంచి స్పందన రాకపోతే వీటిలో దేన్నైనా పరువు పోకుండా వెనక్కి తీసుకోవచ్చు. చైనా ఏప్రిల్‌లో అమెరికా టేబుల్ టెన్నిస్ జట్టును ఆహ్వానించింది.

అసలు సందేశాలు మాత్రం పాకిస్థాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ చేతుల మీదుగా నడిచాయి. అదే యాహ్యా సైన్యం 1971 మార్చి 25 రాత్రి అప్పటి తూర్పు పాకిస్థాన్‌లోని ఢాకాలో ఊచకోత మొదలుపెట్టింది. ఏప్రిల్ 6న అక్కడి అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆ ఊచకోతపై తమ ప్రభుత్వ మౌనాన్ని తప్పుపడుతూ తన సిబ్బంది రాసిన అసమ్మతి టెలిగ్రామ్‌ను వాషింగ్టన్‌కు పంపారు. ఆయన్ను ఆ పదవి నుంచి తప్పించారు. యాహ్యాపై ఇప్పుడు ఒత్తిడి తేవద్దని నిక్సన్ ఆ నెలాఖరులో స్వయంగా చేత్తో రాశారు. రుమేనియా ద్వారా కూడా బీజింగ్‌తో సందేశాలు నడుస్తున్నాయి కాబట్టి, వేరే గత్యంతరం లేదన్న వాదన నిలవదు. ఈ దౌత్యాన్ని మెచ్చుకునేవారు చాలామంది దాటేసే పేజీ ఇదే.

జులైలో నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ ఢిల్లీలో ఇందిరాగాంధీని కలిసి ఇస్లామాబాద్ వెళ్లారు. కడుపునొప్పి వచ్చి కొండ ప్రాంతమైన నథియాగలీలో విశ్రాంతి తీసుకుంటున్నారని చెప్పి, 9వ తేదీన పాకిస్థాన్ విమానంలో రహస్యంగా బీజింగ్ చేరారు. 15న నిక్సన్ టీవీలో ఆ సంగతి ప్రకటించారు. జపాన్ ప్రధాని సాటోకు అది తెలిసింది కొద్ది నిమిషాల ముందే. ఆగస్టు 9న భారత్ సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందంపై సంతకం చేసింది.

1972 ఫిబ్రవరి 21న నిక్సన్ బీజింగ్‌లో దిగారు. ఉమ్మడి ప్రకటన ముసాయిదా విషయంలో చైనా ప్రధాని చౌ ఎన్‌లై సూచన పనిచేసింది. కుదరని చోట ఎవరి మాట వాళ్లు విడిగా రాసుకోవాలన్నది ఆ సూచన. తైవాన్ చైనాలో భాగమని జలసంధికి రెండు వైపులా ఉన్న చైనీయులంతా అంటున్నారని, ఆ వైఖరిని తాము సవాలు చేయడం లేదని అమెరికా రాసింది. అవునని ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

అక్కడే ఒక గండం తప్పింది. ముసాయిదాలో జపాన్, దక్షిణ కొరియాలతో ఉన్న ఒప్పంద బాధ్యతలను ప్రస్తావించారు, తైవాన్‌తో ఉన్న రక్షణ ఒప్పందాన్ని వదిలేశారు. చర్చలకు దూరంగా ఉంచిన విదేశాంగ శాఖ అధికారి మార్షల్ గ్రీన్ చివరి ఘడియలో దాన్ని పట్టుకున్నారు. 1950 జనవరిలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి డీన్ అచిసన్ తన ప్రసంగంలో అమెరికా రక్షణ పరిధి నుంచి కొరియాను వదిలేశారు, ఆ జూన్‌లోనే అక్కడ యుద్ధం వచ్చింది. తైవాన్‌ను వదిలేస్తే దాన్నీ అలాగే గాలికొదిలేసినట్టు అర్థమయ్యేది. కిసింజర్ మళ్లీ కూర్చుని ఒప్పందాల ఊసే లేకుండా ఆ వాక్యాలను మార్పించాల్సి వచ్చింది.

వాటర్‌గేట్ కుంభకోణం నిక్సన్‌ను దించేయడంతో మిగిలిన పని కార్టర్ చేతికి వచ్చింది. 1979 జనవరి 1న పూర్తి దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. మూడు నెలలు తిరిగాక, తైవాన్‌కు ఆత్మరక్షణ ఆయుధాలు అందించాలని కాంగ్రెస్ చట్టం చేసింది.