ఇంటర్ తర్వాత సీటు ఆలస్యం: అపోహలు – వాస్తవాలు

ఇంటర్మీడియట్ ఫలితాలు సాధారణంగా ఏప్రిల్‌లో వస్తాయి. ఇంజినీరింగ్ తరగతులు ఆగస్టులోనో, కొన్నేళ్లలో ఇంకా తర్వాతో మొదలవుతాయి. ఈ నడిమి నెలల్లో ప్రవేశాలపై సలహా కోసం నా దగ్గరకు వచ్చే కుటుంబాలను గమనిస్తే, ఆలస్యం వల్ల జరిగే నష్టం కంటే దానికి భయపడి తొందరపడటం వల్ల జరిగే నష్టమే ఎక్కువగా కనిపిస్తోంది. ఆ తొందరపాటు వెనుక ఉన్న నమ్మకాల్లో తరచుగా వినేవాటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: కౌన్సెలింగ్ (సీట్ల కేటాయింపు ప్రక్రియ) ఆలస్యమైతే పిల్లల ఏడాది వృథా అవుతుంది.

వాస్తవం: సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతులు, విశ్వవిద్యాలయాల అనుబంధ గుర్తింపు పూర్తయితే తప్ప ఏ కళాశాలలో ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లున్నాయో తేలదు, అది తేలకుండా ప్రవేశాలు నిర్వహించే అధికారి అయిన కన్వీనర్ వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో కళాశాల, బ్రాంచి ఎంపికలు) తెరవలేరు. వీటిలో ఒకటి ఆగినా, కోర్టులో వ్యాజ్యం పడినా మొత్తం ప్రక్రియ ఆగుతుంది, అయితే అది అందరికీ సమానంగానే ఆగుతుంది. 2024లో వైద్య ప్రవేశ పరీక్ష నీట్ ఫలితాలు జూన్ 4న వచ్చినా, మళ్లీ పరీక్ష అవసరం లేదని సుప్రీంకోర్టు జులై 23న తేల్చి, సవరించిన ఫలితాలు వెలువడిన తర్వాత ఆగస్టులో గాని కౌన్సెలింగ్ మొదలుకాలేదు. కోవిడ్ కారణంగా 2020లో నీట్ పరీక్షే సెప్టెంబరు 13న జరిగింది. ఆ రెండు సందర్భాల్లోనూ తరగతుల క్యాలెండరే వెనక్కి జరిగింది తప్ప ఆలస్యం వల్ల ఆ విద్యార్థులు ఒక విద్యాసంవత్సరాన్ని కోల్పోలేదు. ప్రక్రియ ఆలస్యం కావడం వేరు, మనం గడువు దాటించడం వేరు. తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ద్వారా సీటు వచ్చినవారు నిర్ణీత తేదీలోగా ఫీజు చెల్లించి సెల్ఫ్ రిపోర్టింగ్ (చేరుతున్నట్టు ఆన్‌లైన్‌లో నిర్ధారించడం) చేయకపోతే ఆ కేటాయింపు దానంతటదే రద్దవుతుంది, కాబట్టి ఆందోళన ఏదైనా ఉంటే అది ఆ తేదీల గురించి ఉండాలి.

అపోహ: ముందుగా ఆప్షన్లు ఇచ్చినవారికి ముందుగా సీటు వస్తుంది.

వాస్తవం: రాదు. గడువు ముగిశాక ర్యాంకు, రిజర్వేషన్, స్థానికత ఆధారంగానే కేటాయింపు జరుగుతుంది.

అపోహ: రాదనుకున్న కళాశాలను పైన పెడితే, రావలసిన కళాశాల కూడా చేజారుతుంది.

వాస్తవం: ఈ నమ్మకం చాలామంది చదువుకున్న తల్లిదండ్రుల్లో సైతం బలంగా ఉంది. విద్యార్థి వంతు వచ్చినప్పుడు అతని జాబితాను పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లి, ఖాళీగా ఉన్న మొదటి సీటును కేటాయిస్తారు. పైన ఉన్నవి దొరకనంత మాత్రాన కింద ఉన్నవాటిపై అతని హక్కు తగ్గదు. అందువల్ల జాబితా మన ఇష్టాన్ని బట్టి సాగాలి. గత ఏడాది ఒక్కో కళాశాలలో సీటు దక్కిన చివరి ర్యాంకులను విద్యార్థి తన సామాజిక వర్గం, స్థానికత ప్రకారం చూసుకుని, తన ర్యాంకుకు అందుబాటులో ఉన్నవాటితో పాటు ఇంకా కిందివి కూడా తగినన్ని చేర్చాలి. పది కళాశాలలతో ఆపేసి, మొదటి విడతలో ఏ సీటూ రాక బెంబేలెత్తేవారు ప్రతి ఏటా ఉంటారు. అయితే వచ్చినా చేరబోమని ముందే తెలిసిన కళాశాలను ఎక్కడా పెట్టకూడదు.

అపోహ: యాజమాన్య కోటాలో డబ్బు కట్టేస్తే నిశ్చింతగా ఉండవచ్చు.

వాస్తవం: ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలోనే, అంటే ఈ కౌన్సెలింగ్ ద్వారానే భర్తీ అవుతాయి. యాజమాన్య కోటాలో చేరినవారికి ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. తెలంగాణలో స్పాట్ అడ్మిషన్లకూ (విడతల తర్వాత మిగిలిన సీట్లను కళాశాలలే నేరుగా నింపే పద్ధతి) అంతే. అర్హత ఉన్న కుటుంబం మొదటి విడతకు ముందే భయపడి ఆ దారి పట్టిందంటే నాలుగేళ్ల భారాన్ని కోరి తలకెత్తుకున్నట్టే. ఐఐటీ, ఎన్‌ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్ అయిన జోసా ద్వారా వాటిలో చేరినవారు రాష్ట్ర కౌన్సెలింగ్‌లో వదిలే సీట్లు తర్వాతి విడతల్లో ఖాళీ అవుతాయన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పటికీ ముందుజాగ్రత్తగా ఎక్కడైనా చేరదలిస్తే రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వవద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగించవద్దు. కళాశాలలు వాటిని తమ దగ్గర ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టం చేసింది. ఫీజు వాపసుపై 2024-25కు యూజీసీ ప్రకటించిన విధానంలో సెప్టెంబరు 30లోగా మానుకుంటే మొత్తం రుసుము, అక్టోబరు 31లోగా అయితే 1,000 రూపాయలకు మించని కోతతో తిరిగి ఇవ్వాలని ఉంది. చేరే ఏడాదికి వర్తించే తేదీలను సరిచూసుకోవాలి.

అపోహ: పిల్లవాడు ఏమీ మాట్లాడటం లేదంటే అతనికి పట్టింపు లేదు.

వాస్తవం: తోటివారు ఒక్కొక్కరుగా ఎక్కడో ఒకచోట చేరిపోతుంటే తానొక్కడే మిగిలిపోయానన్న భావన పదిహేడేళ్ల వయసులో చాలా బరువైనది, దాన్ని మాటల్లో చెప్పడం రాక మౌనంగా ఉంటారు. బంధువులు ఫోన్ చేసినప్పుడు పిల్లల ఎదుటే ర్యాంకుల పోలిక తెచ్చే అలవాటును ఈ నెలల్లోనైనా మానుకోవాలి. ఆప్షన్ల జాబితాను తల్లిదండ్రులు తయారుచేసి సంతకం పెట్టించడం కంటే, పిల్లల చేతే రాయించి కారణాలు అడగడం మంచిది. నిద్ర, తిండి తగ్గి, జీవితంపై విరక్తి మాటలు వినిపిస్తే ఫలితం కోసం ఎదురుచూడకుండా వైద్యుల్ని గాని, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరును గాని వెంటనే సంప్రదించాలి.

అపోహ: సప్లిమెంటరీ రాయవలసి వస్తే ఈ ఏడాదికి అంతే.

వాస్తవం: వేసవిలో జరిగే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ఉత్తీర్ణులైనవారు అదే ఏడాది కౌన్సెలింగ్‌కు వెళ్లవచ్చు. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం మార్కులుండాలి. తెలంగాణలో 2023 నుంచి ఇంటర్ మార్కులకు ర్యాంకులో వెయిటేజీ లేదు, ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతం ఉంది.

అపోహ: ధ్రువపత్రాలు సీటు వచ్చాక తెచ్చుకోవచ్చు.

వాస్తవం: నేను చూసిన వ్యక్తిగత ఆలస్యాల్లో అధికభాగం ఇక్కడే పుట్టాయి. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఫలితాల వారంలోనే సిద్ధం చేసుకోవడం మేలు. జోసాకు ఇచ్చే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరన్న), ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 లేదా ఆ తర్వాత జారీ అయినవై ఉండాలి, పాతవి చెల్లవు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా పదో తరగతి మెమోతో సరిచూసి, మీసేవలో రద్దీ పెరగకముందే దిద్దించుకోవాలి.