టర్బో కారుకి సొంత పైపు: ఇన్‌టేక్ డబ్బా మీద అపోహలు, వాస్తవాలు

టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పంపు) ఉన్న కార్లలో ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్ దాకా గాలి వెళ్ళే దారిలో నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది. కొన్ని బళ్ళలో టర్బోకి ముందు, కొన్నిట్లో తర్వాత, కొన్నిట్లో రెండు చోట్లా. కంపెనీ పుస్తకంలో రెసొనేటర్, కుర్రాళ్ళ నోట ఇన్‌టేక్ మఫ్లర్, మా విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఉత్త 'డబ్బా'. దాన్ని పీకేసి లేత్ దగ్గర చేయించిన పైపో, హార్డ్‌వేర్ షాపు పైపో పెట్టమని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళను నేను ముందు అడిగేది ఒక్కటే: మీ డబ్బా టర్బోకి ముందుందా, తర్వాతుందా? చాలామందికి తెలియదు. కింద చెప్పే సగం గొడవలకు మూలం అక్కడే ఉంది.

అపోహ: డబ్బా గాలికి అడ్డం. పవర్ తొక్కిపెట్టడానికే కంపెనీ దాన్ని పెట్టింది.

ఊడదీసి లోపలికి చూడండి. టర్బోకి ముందుండే రకంలో చాలాసార్లు గాలి డబ్బాలోంచి వెళ్ళనే వెళ్ళదు. ప్రధాన గొట్టం తన దారిన తాను పోతుంది, డబ్బా పక్కన చిన్న మెడతో అతుక్కుని ఉంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరంలో మోగుతుంది కదా, అదే సూత్రం. మెడ పొడవు, వెడల్పు, లోపలి ఖాళీ ఎంతో చూసి, ఏ శబ్దాన్ని చంపాలో దానికి సరిపడేలా డబ్బాని తయారుచేస్తారు. దీన్ని హెల్మ్‌హోల్ట్జ్ రెసొనేటర్ అంటారు. టర్బో తర్వాత ఉండే రకంలో గాలి డబ్బా మధ్యలోంచే వెళ్తుంది, కానీ చిల్లులున్న గొట్టం గుండా. ఆ చిల్లుల వెనక చిన్న చిన్న గదులుంటాయి. టర్బో వీల్ పుట్టించే సన్నటి కీచు అక్కడ అణిగిపోతుంది.

అడ్డం బొత్తిగా ఉండదని అనను. కానీ పోర్టు రోడ్డులో తిరిగి దుమ్ము పట్టిన ఫిల్టర్ ముందు అదేపాటిది? పైగా పవర్ తగ్గించాలనుకున్న కంపెనీకి డబ్బా ఎందుకండీ? సాఫ్ట్‌వేర్‌లో రెండు అంకెలు మారిస్తే సరిపోతుంది. ప్రతి ప్లాస్టిక్ ముక్కకీ రూపాయి లెక్క చూసుకునే వాళ్ళు, పనికిరాని డబ్బాని ఊరికే బిగించరు.

అపోహ: పైపు పెట్టగానే పికప్ పెరిగింది. నేనే నడిపి చూశాను.

అసలు కథ ఇక్కడుంది. టర్బో లేని పాత బండిలో గాలి దారి కాస్త సులువైతే ఇంజిన్‌కి అంతో ఇంతో లాభం ఉండొచ్చు. ఇప్పటి టర్బో బండి అలా నడవదు. మీరు యాక్సిలరేటర్ నొక్కగానే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) 'ఈ స్పీడుకి ఇంత టార్క్ (తిప్పే బలం) కావాలి, దానికి ఇంత బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) కావాలి' అని లెక్క వేసుకుంటుంది. ఆ బూస్ట్ వచ్చేదాకా టర్బోని తిప్పుతుంది, రాగానే వేస్ట్‌గేట్ (టర్బోని తిప్పే పొగని పక్కదారి పట్టించే తలుపు) తెరిచి ఆపుతుంది. చాలా డీజిల్ బళ్ళలో అయితే టర్బోలోని వేన్ల (చిన్న రెక్కల) కోణం మార్చి ఆపుతుంది. మీరు పైపు పెట్టి దారి సులువు చేస్తే ఆ బూస్ట్ కాస్త తేలిగ్గా అందుతుంది, అంతే. టర్బో ఒక పిసరు తక్కువ తిరుగుతుంది. ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి దాదాపు అంతే, పవరూ అంతే.

మరి తేడా ఎందుకు తెలుస్తుంది? ఒక కారణం సౌండ్. ఇన్నాళ్ళూ అణిగి ఉన్న టర్బో ఈల, గాలి పీల్చే హోరు క్యాబిన్‌లోకి వస్తాయి. మనిషి చెవి వాటిని వేగం కిందే లెక్కేస్తుంది. నమ్మకం కుదరకపోతే స్కానర్ పెట్టి చూడండి. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, ఇన్‌టేక్ గాలి వేడి, ఈ మూడూ పైపుకి ముందూ తర్వాతా, ఒకే రోడ్డు మీద, ఒకే గేరులో రికార్డు చేస్తే సంగతి తేలిపోతుంది.

ఇంకో కారణం ఉంది, అది నిజమైన కారణం. చాలా బళ్ళలో టర్బో తర్వాతి డబ్బా రెండు ప్లాస్టిక్ ముక్కలు కలిపి అతికించినది. ఏళ్ళ తరబడి వేడికీ ఒత్తిడికీ ఆ అతుకు విచ్చుకుంటుంది. బయట నూనె జిడ్డు కనిపిస్తుంది, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు 'స్స్' మంటుంది, పికప్ పడిపోతుంది. అప్పుడు ఓనరు దాన్ని తీసి పైపు పెట్టిస్తాడు. లీక్ పోయింది కాబట్టి పికప్ తిరిగొస్తుంది. పేరు మాత్రం పైపుకి వస్తుంది. కొత్త కంపెనీ డబ్బా పెట్టినా అదే పికప్ వచ్చేది.

సాఫ్ట్‌వేర్ రీమ్యాప్ చేయించి (ఈసీయూ లెక్కలు మార్పించి), టర్బో మార్చి, గాలి బాగా ఎక్కువ నడిపే బండికి మాత్రం మంచి పైపు పనికొస్తుంది. అక్కడ డబ్బా నిజంగానే అడ్డం కావచ్చు, ఆ ఒత్తిడికి చిట్లనూవచ్చు. కానీ రోజూ మద్దిలపాలెం నుంచి స్టీల్‌ప్లాంట్‌కి డ్యూటీకి వెళ్ళొచ్చే బండికి ఆ అవసరం లేదు.

అపోహ: గాలే కదా వెళ్ళేది, పీవీసీ పైపు చాలు.

ఈ ఒక్క మాట విన్నప్పుడు నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. లెక్క చూద్దాం. బయట 40 డిగ్రీల గాలి టర్బోలోకి వెళ్ళి 1 బార్ బూస్ట్‌కి నొక్కబడితే, కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) మామూలు సామర్థ్యంతో బయటికి వచ్చేటప్పటికి దాదాపు 140 డిగ్రీలు ఉంటుంది. నీళ్ళు మరిగే వేడి కన్నా ఎక్కువ. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. వేడినీళ్ళ లైనుకి వాడే సీపీవీసీ కూడా దాదాపు 93 డిగ్రీల దాకానే. టర్బోకీ, ఆ వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కీ మధ్య ఈ రెండిట్లో ఏదీ నిలబడదు. సిటీలో పెట్టిన వారం బాగానే ఉంటుంది, ఎందుకంటే బీచ్ రోడ్డులో బూస్ట్ వచ్చేది క్షణాల సేపే. అసలు పరీక్ష ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్‌లో. నలుగురు మనుషులు, లగేజీ, ఏసీ, చిన్న గేరు, ఆగకుండా ఎక్కుడు. ముందు నుంచి వచ్చే గాలి తక్కువ, బానెట్ కింద వేడి ఎక్కువ. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. పైకి వెళ్ళే కొద్దీ గాలి పల్చబడుతుంది, అదే బూస్ట్ ఇవ్వాలంటే టర్బో ఇంకా గట్టిగా నొక్కాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది. పైపు ఊడితే అక్కడే ఊడుతుంది, మెకానిక్ దొరకని మలుపులో.

వేడి ఒక్కటే కాదు, తోపు కూడా ఉంది. 60 మిల్లీమీటర్ల పైపులో 1 బార్ ఒత్తిడి ఉంటే చివరి జాయింటు మీద దాదాపు 29 కిలోల బలం పడుతుంది. నున్నటి పైపు చివర మీద హోస్ తొడిగి మామూలు క్లాంప్ బిగిస్తే, లోపల నూనె తడి కూడా ఉంటుంది కాబట్టి, జారి ఊడిపోతుంది. అందుకే పైపు అంచు చుట్టూ చిన్న ఉబ్బు ఉండాలి. బీడింగ్ మెషీన్ లేకపోతే వెల్డింగ్‌తో సన్నటి గీత తిప్పించి నున్నగా గ్రైండింగ్ చేయించుకోవచ్చు. క్లాంప్ ఆ ఉబ్బుకి వెనక పడాలి, దాని మీద కాదు. ఒత్తిడి వైపు టీ-బోల్ట్ క్లాంప్ మేలు.

లోహం విషయానికొస్తే నా ఓటు అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ 304కి. మామూలు ఇనుప పైపు మన సముద్రపు గాలికి లోపల కూడా తుప్పు పడుతుంది. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు వెల్డింగ్ చేస్తే జింకు పొగ చేసేవాడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, అతుకు దగ్గర పూత పెళుసై రాలుతుంది. టర్బోకి ముందు పైపులో రాలిన పెచ్చు నేరుగా కంప్రెసర్ వీల్‌కి తగులుతుంది. చిన్న కార్ల టర్బో గట్టిగా నడిచేటప్పుడు నిమిషానికి 2 లక్షల చుట్లు దాటుతుంది. ఆ వేగంలో వెల్డింగ్ గింజ ఒక్కటి చాలు వీల్ అంచులు కొరికేయడానికి. కోసిన తర్వాత లోపల గ్రైండింగ్ రాయి పట్టి, కడిగి, ఆరబెట్టి, గుడ్డ దూర్చి తుడవని పైపుని నేను బిగించను. గ్యాస్కెట్ పేస్ట్ లోపలి వైపు పూయడం, చిట్లిన డబ్బాకి ఎం-సీల్ ముద్ద పెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఇంకోటి చాలామంది మర్చిపోతారు. ఇంజిన్ మౌంటింగుల మీద ఊగుతుంది, ఫిల్టర్ బాక్సూ ఇంటర్‌కూలరూ బాడీకి బిగించి ఉంటాయి. ఈ రెండిటి మధ్య మొత్తం గట్టి పైపే పెడితే ఏదో ఒకటి చిట్లుతుంది. మధ్యలో మెత్తటి కప్లర్ ముక్క తప్పనిసరి, బరువైన పైపుకి బ్రాకెట్ కూడా.

అపోహ: కాస్త లీక్ ఉన్నా టర్బో సర్దుకుంటుంది.

సర్దుకుంటుంది, దాని ఆయుష్షు ఖర్చు పెట్టి. టర్బో తర్వాత గాలి పోతుంటే అడిగిన బూస్ట్ కోసం అది మరింత వేగంగా తిరుగుతుంది. గాలి కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న డీజిల్ బండిలో సెన్సర్ లెక్కపెట్టిన గాలి దారిలోనే పోతుంది కాబట్టి నల్ల పొగ వస్తుంది. బీఎస్6 డీజిల్‌లో ఆ మసి అంతా డీపీఎఫ్‌లో (పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్‌లో) చేరుతుంది. చివరికి బూస్ట్ తక్కువైందని చెప్పే పీ0299 కోడ్, ఆపై పవర్ కట్ చేసి బండిని మెల్లగా నడిపించే లింప్ మోడ్.

టర్బోకి ముందు లీక్ వేరే రకం. అక్కడ పీల్పు ఉంటుంది కాబట్టి గాలి బయటికి పోదు, ఫిల్టర్ దాటని గాలి లోపలికి వస్తుంది. మాఫ్ ఉన్న పెట్రోల్ బండి అయితే లెక్కలో లేని గాలి వల్ల పీ0171 (గాలికి తగ్గ పెట్రోల్ లేదనే కోడ్) వచ్చి లైటు వెలుగుతుంది. మాఫ్ లేకుండా ప్రెషర్ సెన్సర్‌తో నడిచే బళ్ళలో అయితే ఏ లైటూ వెలగకపోవచ్చు. అదే ఎక్కువ ప్రమాదం. మన పోర్టు చుట్టుపక్కల బొగ్గు, ఖనిజం దుమ్ము, తీరం పొడుగునా ఇసుక, ఇవన్నీ మౌనంగా కంప్రెసర్ వీల్‌ని, సిలిండర్ గోడల్ని అరగదీస్తాయి.

పరీక్ష సులువే. ఇంజిన్ ఆపి, పైపు నోరు మూసే బిరడా లేత్‌లో చేయించుకుని, రెగ్యులేటర్ పెట్టి తక్కువ ఒత్తిడితో గాలి నింపి, జాయింట్ల మీద సబ్బు నీళ్ళు కొట్టండి. బండి మామూలుగా ఇచ్చే బూస్ట్‌ని మించొద్దు. నూనె పోసే మూత తీసి ఉంచండి, లేకపోతే ఒత్తిడి క్రాంక్‌కేస్‌లోకి (ఇంజిన్ అడుగు గదిలోకి) వెళ్ళి సీళ్ళని తోసేస్తుంది.

అపోహ: పైపు ఎంత లావైతే అంత మంచిది.

కాదు. మాఫ్ సెన్సర్ గొట్టం వెడల్పు మార్చారంటే కొలత మొత్తం తప్పుతుంది. మిగతా చోట్ల టర్బో నోటికి, ఇంటర్‌కూలర్ నోటికి సరిపడేంతే చాలు. మలుపులు నున్నగా ఉండటం లావుకన్నా ముఖ్యం.

అపోహ: పక్కన అతికిన చిన్న గొట్టాలు అవసరం లేదు, మూసేయొచ్చు.

వాటిలో ఒకటి క్రాంక్‌కేస్ ఆవిరిని వెనక్కి తెచ్చేది. మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ళు లీకవుతాయి. బయటికి వదిలేస్తే నూనె ఆవిరి ఎగ్జాస్ట్ మీద పడి కంపు, ఏసీ వేస్తే క్యాబిన్‌లోకి కూడా. పెట్రోల్ బళ్ళలో ఇంకొకటి డైవర్టర్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన బూస్ట్‌ని వెనక్కి తిప్పేది) తిరుగు గొట్టం. కొత్త పైపులో ఈ రెండిటికీ అదే సైజు నోళ్ళు వెల్డింగ్ చేయించండి. నూనె ఆవిరి తగిలే చోట ఉత్త సిలికాన్ హోస్ చెమర్చుతుంది, నూనెని తట్టుకునే లైనింగ్ ఉన్నది తీసుకోండి.

పనిలో పనిగా ఫిల్టర్ బాక్స్ కూడా తీసేసి కోన్ ఫిల్టర్ తగిలిస్తామనేవాళ్ళకి ఒక మాట. బానెట్ కింది వేడి గాలి పీలిస్తే ప్రతి 10 డిగ్రీలకీ గాలి సాంద్రత దాదాపు 3 శాతం తగ్గుతుంది. ఇక గాలి నోరు బంపర్ కిందికి దించితే వానాకాలం జ్ఞానాపురం దగ్గర నిలిచిన నీళ్ళలో ఒక్క గుక్క లోపలికి పోతే చాలు, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

అపోహ: ఎగ్జాస్ట్ కాదు కదా, ఆర్టీవో పట్టించుకోరు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చడాన్ని గురించి చెబుతుంది, ఎగ్జాస్ట్ ఒక్కదాని గురించే కాదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఓనరుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రోడ్డు మీద బానెట్ ఎత్తి చూసే వాళ్ళు అరుదు, నిజమే. వారంటీలో ఉన్న బండి టర్బో పోయి షోరూమ్‌కి వెళ్ళినప్పుడు మాత్రం మొదట ఎత్తేది బానెట్టే.

ఇంత చెప్పినా సౌండ్ కోసమే కావాలంటే, అది వేరే సంగతి. టర్బో ఈల వినడం సరదా, దాన్ని నేను తప్పుపట్టను. వారంటీ అయిపోయిన బండి అయితే, పైన చెప్పినట్టు చేయించుకుని, మొదటి వారం తర్వాత క్లాంపులు మళ్ళీ బిగించి, సబ్బు నీళ్ళ పరీక్ష ఇంకోసారి చేయండి. పాత డబ్బాని, దాని క్లిప్పుల్ని, ఓ-రింగుల్ని కవర్లో చుట్టి ఇంట్లో దాచండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు అది అడుగుతాడు, అప్పుడు కొత్తది కొనాలంటే ధర చూసి మీకే బాధనిపిస్తుంది.