ద్రావణం నుంచి దీపం

ప్రియమైన పిల్లలకు,

పళ్లెంలో ఉప్పునీళ్లు పోసి ఎండలో పెడితే నీరు ఆవిరైపోయి, అడుగున స్ఫటికాలు మిగులుతాయి. వాటిని ఎవరూ చెక్కలేదు, అచ్చు పోయలేదు. ఉప్పులోని అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, తమంతట తామే వరుసలు కట్టాయి. అలాగే, కరెంటు పెడితే వెలిగే స్ఫటికాన్ని కూడా ద్రావణం నుంచి తీయవచ్చు. అలాంటి స్ఫటికంతో చేసే దీపమే పెరోవ్‌స్కైట్ ఎల్‌ఈడీ. అదంటే నాకు అంత ఇష్టం కలగడానికి కారణం ఇదే.

ఇంట్లో వాడే ఎల్‌ఈడీ బల్బులో గాలియం నైట్రైడ్ ఉంటుంది. ఆ స్ఫటికాన్ని నీలమణి పలక మీద సుమారు 1000 డిగ్రీల వేడిలో, వాయువులను పంపుతూ పొర పొరగా పెంచాలి. ఖర్చంతా ఆ కొలిమి దగ్గరే మొదలవుతుంది.

పెరోవ్‌స్కైట్‌కు అంత వేడి అక్కర్లేదు. 1839లో యూరల్ పర్వతాల్లో దొరికిన ఒక ఖనిజం పేరు అది. మనం వాడేది ఆ ఖనిజం కాదు, దానిలాగే అయాన్లు అమరి ఉన్న వేరే పదార్థం. సీసియం బ్రోమైడ్, లెడ్ బ్రోమైడ్ అనే రెండు లవణాలను వాటిని కరిగించుకునే ఒక ద్రవంలో కరిగిస్తారు. గాజు పలక మీద కొన్ని చుక్కలు వేసి, నిమిషానికి కొన్ని వేల చుట్లు తిప్పుతారు. ద్రవం పలచగా పరుచుకుంటుంది. పలక తిరుగుతూ ఉండగానే, ఆ లవణాలు కరగని మరో ద్రవాన్ని పైన పోస్తారు. అసలు ఒడుపంతా ఆ క్షణంలోనే ఉంది. సరైన సమయానికి పోస్తే లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు ఒక్కసారిగా పుట్టి, సందు లేకుండా అల్లుకుంటాయి. ఆలస్యమైతే కొన్నే పెద్దవిగా ఎదిగి, మధ్యలో ఖాళీలు వదులుతాయి. ఆ ఖాళీల గుండా కరెంటు వెలుగునివ్వకుండానే జారిపోతుంది. ఆపైన కాసేపు వెచ్చబెడితే చాలు. వెంట్రుక మందంలో వెయ్యోవంతు దరిదాపుల్లో ఉండే ఆ పొర మీద అతినీలలోహిత దీపం వేస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను.

బ్రోమైడ్ బదులు అయోడైడ్ వాడితే వెలుగు ఎరుపు వైపు, క్లోరైడ్ కలిపితే నీలం వైపు జరుగుతుంది. రంగు మార్చడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, లవణం మారిస్తే సరి.

గది ఉష్ణోగ్రతలో ప్రకాశవంతంగా వెలిగే ఇలాంటి ఎల్‌ఈడీని 2014లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. అప్పుడు నూరు ఎలక్ట్రాన్లు పంపితే ఒక్క ఫోటాన్ (వెలుగు కణం) కూడా బయటకు వచ్చేది కాదు. 2018 నాటికి ఆ లెక్క ఇరవై దాటింది. నాలుగేళ్లలో ఇంత ఎదుగుదల మామూలు విషయం కాదు.

అయినా చవక అనే మాటను నేను తొందరపడి వాడను. తిప్పే పద్ధతిలో ద్రావణం చాలా వరకు అంచుల నుంచి ఎగిరిపోయి వృథా అవుతుంది. పెద్ద పలకలకు బ్లేడుతో పూయడమో, ఇంక్‌జెట్‌తో అచ్చువేయడమో మేలు. లెడ్ బ్రోమైడ్‌లో ఉండే సీసం విషం. పైగా ఆ లవణాలు నీటిలో కరుగుతాయి కాబట్టి గట్టిగా మూత బిగించాలి, పాడైన దీపాలను తిరిగి సేకరించాలి. ఈ ఖర్చులూ లెక్కలోకి రావాలి.

అన్నిటికంటే మొండిది నీలం. బ్రోమైడ్, క్లోరైడ్ కలిపి చేసిన దీపం మొదట చక్కగా నీలంగానే వెలుగుతుంది. కరెంటు పారుతున్న కొద్దీ ఆ రెండు అయాన్లూ లోపల కదిలి విడివిడిగా చేరతాయి. బ్రోమైడ్ గుమిగూడిన చోటు నుంచి వెలుగు మెల్లగా ఆకుపచ్చ వైపు జారిపోతుంది. వాటిని కదలకుండా కట్టిపడేసే పని ఇంకా సాగుతోంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య