ప్రొడక్ట్ టీములో టెస్టర్ ఎవరు? ఏఐ తగువు వెనకున్న మలుపు

క్యాంపస్ ఎంపికల కాలం వచ్చేసరికి ఉత్తరాంధ్ర ఇంజినీరింగ్ కాలేజీల్లో పాత తగువు మళ్లీ రాజుకుంది. కోడ్ ఏఐ రాసేస్తోంది కదా, ప్రొడక్ట్ టీములో విడిగా టెస్టర్లు, బిజినెస్ అనలిస్టులు, జూనియర్ డెవలపర్లు ఎందుకన్నది కంపెనీల వైపు మాట. రాసింది ఒప్పో తప్పో తేల్చేదెవరన్నది టీముల్లో పనిచేస్తున్నవాళ్ల మాట. రాజాం, టెక్కలి, చింతలవలస, ఎచ్చెర్లలో ఫైనలియర్ చదువుతున్న పిల్లల ఇళ్లలో మాత్రం అడిగేది ఒక్కటే: నాలుగేళ్లు ఫీజులు కట్టాక మావాడు చేరే పని ఏది?

2022 నవంబరులో చాట్‌జీపీటీ రావడం, ఆ తర్వాతి హడావిడి అందరికీ తెలిసిన కథే. టీముల్లో కుర్చీలు కదలడానికి కారణం అక్కడ లేదు. అసలు మలుపు 2024 చివర మొదలై 2025 మధ్యకల్లా పూర్తయింది.

అంతకుముందు ఉన్నది సూచనలిచ్చే పరికరం. గిట్‌హబ్ కోపైలట్ 2021లో ప్రయోగాత్మకంగా, 2022లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. తర్వాతి నాలుగు లైన్లు అది చూపిస్తే డెవలపర్ ఒప్పుకునేవాడు, తనే రన్ చేసేవాడు, ఎర్రర్ వస్తే తనే సరిచేసుకునేవాడు. ఒక మనిషి చెయ్యి వేగం పెరిగింది, టీము నిర్మాణం అలాగే ఉంది. ఆ తర్వాత ఏఐ మోడల్‌కి మొత్తం కోడ్, టెర్మినల్ (కమాండ్లు టైపు చేసి నడిపే తెర) అప్పగించడం మొదలైంది. ఫైళ్లు చదవడం, మార్చడం, కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టులు రన్ చేయడం, వచ్చిన ఎర్రర్ చదివి మళ్లీ మార్చడం, ఈ చక్రమంతా మనిషి ముట్టుకోకుండా తిరుగుతుంది. దీన్నే ఏజెంట్ అంటున్నారు.

ఈ సామర్థ్యాన్ని కొలవడానికి 2023 అక్టోబరులో ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్ అనే పరీక్ష వచ్చింది. 12 పైథాన్ ప్రాజెక్టుల్లో నిజంగా నమోదైన 2,294 సమస్యలు అందులో ఉన్నాయి. అప్పటి మోడళ్లలో మెరుగైనది పరిష్కరించింది రెండు శాతం లోపే. ఏడాది తిరిగేసరికి, అందులోంచి మనుషులు సరిచూసి ఏరిన 500 సమస్యల మీద ఒక మోడల్ 49 శాతం సాధించింది. ఏరిన సమస్యలు కాస్త స్పష్టమైనవి కాబట్టి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అయినా ఆ గెంతు చిన్నది కాదు. 2025 ఫిబ్రవరిలో ఆంత్రోపిక్ క్లాడ్ కోడ్, మే నెలలో ఓపెన్‌ఏఐ కోడెక్స్ ఏజెంట్ వచ్చాక ఇది ల్యాబు దాటి మామూలు టీముల టికెట్ల (చేయాల్సిన పనిని రాసిచ్చే చీటీల) దాకా చేరింది.

రాయడం తేలికయ్యేసరికి దానికి రెండు పక్కలా పని పేరుకుంది. ఏం కట్టాలో చెప్పడం ఒక పక్క, కట్టింది సరిచూడడం ఇంకో పక్క. ఏం కట్టాలో చెప్పే ప్రొడక్ట్ మేనేజర్ ఒకరికి నాలుగు నుంచి ఏడుగురు ఇంజినీర్లు ఉండటం పాత లెక్క. ఒక టీము తన దగ్గర మేనేజర్ ఒకరికి అర ఇంజినీర్, అంటే ఇద్దరు మేనేజర్లకి ఒక ఇంజినీర్ చాలని ప్రతిపాదించిందని 2025లో ఏఐ నిపుణుడు ఆండ్రూ ఎన్‌జీ చెప్పారు. యాజమాన్యాలకి ఈ మాట బాగా నచ్చింది. రెండో పక్క పేరుకున్న పని గురించి మాత్రం అంత చర్చ జరగలేదు.

ఆ రెండో పక్క ఏముందో మన దగ్గరి ఉదాహరణతో చూద్దాం. పలాస జీడిపప్పు వ్యాపారికి ఒక చిన్న టీము స్టాకు యాప్ తయారుచేస్తోందనుకోండి. "వచ్చిన పిక్కల బస్తాలకి ఎంత పప్పు దిగిందో శాతంలో చూపించాలి" అని టికెట్. ఏజెంట్‌కి ఇస్తే కాసేపట్లో కోడ్ వస్తుంది, దాంతోపాటు పదో పన్నెండో టెస్టులూ వస్తాయి, అన్నీ పాసవుతాయి. కానీ బస్తా ఎన్ని కిలోలో టికెట్‌లో లేదు. ఏజెంట్ అడగకుండా సిమెంటు బస్తా లెక్కన 50 వేసేసుకుంది. జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. ఉద్దానం రైతు ధర అడిగేది ఆ బస్తాకే, విదేశీ పిక్క నాణ్యత కట్టేదీ 80 కిలోలకి ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్న లెక్కతోనే. వంద బస్తాలకి 2,200 కిలోల పప్పు దిగితే అసలు దిగుబడి 27.5 శాతం. యాప్ 44 శాతం చూపిస్తుంది. పిక్క వ్యాపారం తెలిసినవాళ్లు ఆ అంకె చూడగానే ఇది అయ్యే పని కాదంటారు.

మరి టెస్టులు ఎందుకు పట్టుకోలేదు? వాటిలోనూ 50యే ఉంది కాబట్టి. ఏ ఊహతో కోడ్ పుట్టిందో అదే ఊహతో టెస్టులూ పుట్టాయి, ఒకే తప్పు రెండు చోట్లా కూర్చుంది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కొన్నప్పటి బరువు లెక్కలోకి తీసుకోవాలా, ఎండబెట్టి తేమ పోయాక తూచిన బరువా? డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గింజలు తూగే రకమని, అది గ్రాముల లెక్క కాదని ఎవరు చెబుతారు? బద్దని (సగానికి విడిపోయిన పప్పుని) గుండు పప్పుతో కలిపి చూపిస్తే వ్యాపారి ఒప్పుకుంటాడా? కోడ్ మొదలుకాకముందే ఈ ప్రశ్నలు రాసిపెట్టే మనిషే టెస్టర్. ఇదివరకు కోడ్ అయ్యాక బటన్లు నొక్కి చూడటం అతని పనిగా ఉండేది, ఇప్పుడు ముందుకు జరిగింది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. సేవల కంపెనీలు క్లయింట్ దగ్గర మనుషుల లెక్కన బిల్లు చేసేవి, కింద ఎక్కువమంది, పైన తక్కువమంది ఉంటేనే లాభం. టెస్టింగ్ విడి ఉద్యోగంగా అంత పెరగడానికి ఆ లెక్క కూడా ఒక కారణం. సివిల్, మెకానికల్ చదివి అమీర్‌పేటలో రెండు మూడు నెలల మాన్యువల్ టెస్టింగ్ కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన ఉత్తరాంధ్ర పిల్లలు ఆ తలుపు నుంచే వెళ్లారు. రాసిపెట్టిన స్టెప్పులు చూసి బటన్లు నొక్కే ఆ తలుపు నిజంగానే మూసుకుపోతోంది. ఇందులో యాజమాన్యాల మాట సరైనదే.

ఉద్యోగాల కోతలన్నిటినీ ఏఐ ఖాతాలో వేయడం మాత్రం చరిత్రని వంచడమే. అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు ఎజైల్ (పనిని చిన్న విడతలుగా నడిపించే పద్ధతి) విభాగంలో 1,100కు పైగా ఉద్యోగాలు తీసేసింది 2023 జనవరిలో, ఏజెంట్లు రాకముందే. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతం, అంటే సుమారు 12,000 మందిని తగ్గిస్తామంది. వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయి వాళ్లు. ఏఐ ఉత్పాదకత దీనికి కారణం కాదనీ, నైపుణ్యాలు సరిపోకపోవడం, ప్రాజెక్టుల్లో పెట్టలేకపోవడమే కారణమనీ ఆ సంస్థ అధిపతే చెప్పారు. అదే ఏడాది ఏప్రిల్‌లో విశాఖలో 99 పైసలకి 21.16 ఎకరాలు అదే కంపెనీకి కేటాయించినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం చెప్పిన ఉద్యోగాలు 12,000. మన ఇళ్లలో ఆశ, భయం ఒకేసారి పెరగడానికి ఈ రెండు వార్తల మధ్య దూరం మూడు నెలలే కావడం ఒక కారణం.

ఫ్రెషర్ల పరిస్థితిని తేలిగ్గా కొట్టేయలేం. అమెరికా జీతాల రికార్డులు పరిశీలించిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 22 నుంచి 25 ఏళ్ల సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి గరిష్ఠం నుంచి దాదాపు 20 శాతం తగ్గాయని 2025 ఆగస్టులో చెప్పారు.

"వేగం పెరిగింది, మనుషులు అక్కర్లేదు" అన్న మాటకి ఎదురు నిలిచే లెక్కలూ ఉన్నాయి. 2025 జూలైలో మీటర్ అనే పరిశోధనా సంస్థ అనుభవమున్న 16 మంది డెవలపర్లకి వాళ్లు రోజూ పనిచేసే ప్రాజెక్టుల్లోనే 246 పనులిచ్చింది. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని ముగిశాక కూడా వాళ్లు 20 శాతం వేగంగా చేశామనే నమ్మారు. చిన్న బృందం, ఆనాటి పరికరాలు, నిజమే. కానీ వేగం గురించి మనకి కలిగే అనుభూతి మీద టీముల సంఖ్య నిర్ణయించకూడదని చెప్పడానికి అది చాలు. అదే నెలలో రెప్లిట్ అనే కోడింగ్ వేదిక ఏజెంట్ ఒకటి, మార్పులేవీ చేయొద్దని చెప్పినా వినకుండా ఒక కంపెనీ ప్రొడక్షన్ డేటాబేస్ (నిజంగా వాడకంలో ఉన్న డేటా) చెరిపేసింది.

జాగ్రత్తపడ్డ టీముల్లో పని ఎలా సాగుతోందంటే, టికెట్‌కి ముందే టెస్టర్, వ్యాపారం తెలిసిన మనిషి కూర్చుని ఐదారు లెక్కలు చేత్తో చేసి జవాబులతో సహా రాస్తారు. వంద బస్తాలు, 2,200 కిలోలు, 27.5 శాతం అన్నట్టు. ఆ అంకెల ఫైలు మార్చే హక్కు ఏజెంట్‌కి ఇవ్వరు. ఇస్తే టెస్టు ఫెయిలైనప్పుడు కోడ్ బదులు జవాబునే మార్చేసే ప్రమాదముంది. ఒక్కో మార్పు 400 లైన్లు దాటనివ్వరు, అంతకుమించితే రివ్యూ చేసేవాళ్ల కళ్లు జారిపోతాయి. తర్వాత కోడ్‌లో కావాలని ఒక తప్పు పెడతారు, 80ని 50 చేసి చూస్తారు. అప్పుడూ టెస్టులు పాసైతే ఆ టెస్టులు పనికిరానివి. ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఏజెంట్ నడిచే మెషీన్‌లో ఉంచనే ఉంచరు.

ఈ పనుల్లో ఏదీ ఫైనలియర్ విద్యార్థి చేయలేనిది కాదు. కాలేజీల్లో మాత్రం ఇప్పటికీ రెడీమేడ్ ప్రాజెక్టు కొని వైవాలో స్క్రీన్ చూపించి బయటపడుతున్నవాళ్లు చాలామంది. సిలబస్ మారేదాకా ఆగనక్కర్లేదు, వైవా ప్రశ్నలు డిపార్టుమెంటు చేతిలోనే ఉన్నాయి. ఏజెంట్ రాసిన కోడ్‌లో మీరు పట్టుకున్న మూడు తప్పులేవి, ఏ టెస్టుతో దొరికాయి, టికెట్‌లో ఏ వాక్యం లేకపోవడం వల్ల అవి వచ్చాయని ఈ సెమిస్టర్ నుంచే అడగొచ్చు.