డిగ్రీ లెక్చరర్ల గురించి అపోహలు - వాస్తవాలు

డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఏ పెళ్ళికెళ్ళినా పక్క కుర్చీలో ఆయన మొదటి మాట ఒకటే: "మీకేంటి సార్, హాయిగా రోజుకి మూడు క్లాసులు!"

అపోహ: వారానికి 16 గంటలే పని.
వాస్తవం: 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పాఠం చెప్పాల్సిన గంటలు 16. మొత్తం పనిభారం 40. పేపర్లు దిద్దడం, పరీక్షల డ్యూటీ, అడ్మిషన్లు అందులోకే వస్తాయి. కాలేజీ నాణ్యతను తనిఖీ చేసే న్యాక్ బృందం వచ్చే ఏడాదైతే ఆ ఫైళ్ళ సంగతి అడక్కండి.

అపోహ: సిలబస్ లెక్చరర్ ఇష్టం.
వాస్తవం: అఫిలియేటెడ్ కాలేజీలో కాదు, యూనివర్సిటీ ఇచ్చిందే చెప్పాలి. అటానమస్ కాలేజీలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ అనే సబ్జెక్టు కమిటీ ఖరారు చేస్తుంది. ద్రవ్యోల్బణం పాఠాన్ని రైతుబజార్ టమాటా ధరతో మొదలుపెట్టడం మాత్రం నా ఇష్టమే.

అపోహ: క్లాసులో లెక్చరర్ ఏదైనా మాట్లాడొచ్చు.
వాస్తవం: విద్యా స్వేచ్ఛ అని మన రాజ్యాంగంలో విడిగా హక్కేమీ రాసి లేదు. ఆర్టికల్ 19(1)(ఎ) కింద పౌరులందరికీ ఉన్న భావప్రకటనా స్వేచ్ఛే మాకూనూ. ప్రభుత్వ ఉద్యోగులకైతే దానిమీద ప్రవర్తనా నియమాలు కూడా.

అలాగని నోరు మూసుకుంటే ఎకనామిక్స్ చెప్పలేం. 2016 నోట్ల రద్దు పాఠమే తీసుకోండి. నల్లధనం, దొంగనోట్ల గురించి ప్రభుత్వం చెప్పిన కారణాలు బోర్డు మీద రాస్తాను. రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగొచ్చాయన్న రిజర్వ్ బ్యాంకు లెక్క పక్కనే రాస్తాను. డిజిటల్ చెల్లింపులు పెరిగాయని ఒకరు, నాన్న కూలి డబ్బులు ఆగిపోయాయని ఇంకొకరు లేచి అంటారు. చివరికి "మీరేమంటారు సార్?" అని తప్పకుండా అడుగుతారు. నా అభిప్రాయమని ముందే చెప్పి చెబుతాను. నాకు పూర్తి వ్యతిరేకంగా రాసిన పేపర్‌కీ, వాదన బాగుంటే, మంచి మార్కులే వేస్తాను. ఓటెవరికి వేశారంటే మాత్రం చెప్పను.

అపోహ: సొంత స్టూడెంట్లకు ఇంట్లో ట్యూషన్ చెప్పుకోవచ్చు.
వాస్తవం: వృత్తి బాధ్యతలకు అడ్డొచ్చే ప్రైవేటు ట్యూషన్లు వద్దంటుంది యూజీసీ వృత్తి నియమావళి.

అపోహ: ఇంటర్నల్ మార్కులు లెక్చరర్ దయ.
వాస్తవం: రాసినదానికి వేసేవే. గతంలో పనిచేసిన ఓ ప్రైవేటు కాలేజీలో పరీక్షకే రాని కుర్రాడికి మార్కులు వేయమన్నారు. నేను 'ఆబ్సెంట్' అని రాశాను. ఆ ఏడాది నా కాంట్రాక్టు పొడిగించలేదు. తర్వాత ఆ గడిలో ఎన్ని మార్కులు పడ్డాయో నాకు తెలీదు, కింద సంతకం మాత్రం నాది కాదు.